కుక్కను తీసుకుని రెండు రోజులు సముద్రం దగ్గరికి... నల్గొండ నుంచి ఎక్కడికి వెళ్ళొచ్చు?

గడియారం_సెంటర్
మాది నల్గొండ. ఇంట్లో నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే పాప, మా రాజుగాడు. రాజు అంటే కుక్క. ఆరేళ్ళ కిందట వానలో తడుస్తూ మా గేటు ముందు దొరికింది. జాతి గీతి ఏమీ లేదు, అచ్చమైన ఊరకుక్క.

ఎక్కడికి వెళ్ళినా వాణ్ణి పక్కింట్లో వదిలి వెళ్ళడం అలవాటు. పోయినసారి తిరుపతి వెళ్ళొచ్చేసరికి మూడు రోజులు అన్నం ముట్టలేదట. పక్కింటి పెద్దమ్మ "ఇంకోసారి నాతోని కాదు బిడ్డా, దాని ముఖం చూడలేకపోయిన" అనేసింది. అందుకే ఈసారి వాణ్ణి కూడా తీసుకెళ్దామని.

ఫిబ్రవరిలో రెండో శనివారం, ఆదివారం. పాప ఇంతవరకు సముద్రం చూడలేదు. డీజేలు, జనం, స్పీడు బోట్లు వద్దు. ఊరికే కూర్చుంటే చాలు. కారు ఉంది.

మూడు లాడ్జిలకు ఫోన్ చేశా. మొదటాయన కుక్క అనగానే ఫోన్ పెట్టేశాడు. రెండో ఆయన సరే అని వెయ్యి రూపాయలు అడ్వాన్స్ వేయించుకుని, ఆ తర్వాత "కుక్క రాత్రి పార్కింగ్‌లో ఉండాలి సార్" అన్నాడు. మూడో ఆయన "ఏ బ్రీడ్ సార్?" అని అడిగాడు. ఊరకుక్క అన్నా. "లాబ్రడార్ అయితే చూసేవాళ్ళం సార్" అన్నాడు! కోపం రాలేదు కానీ ఆ రోజంతా అదే గుర్తొచ్చింది. ఎవరైనా ఇలా వెళ్ళొచ్చారా?

చిట్యాల_చిన్నోడు
ఆధార్ కార్డు అడగలేదా రాజుగాడిది?

దేవరకొండ_గుట్ట
కులం అడిగినట్టే ఉంది అన్నా. మనుషులకు అయిపోయింది, ఇక కుక్కల వంతు.

పాలమూరు_జొన్నరొట్టె
సముద్రం ఎందుకు అన్నా, మా సోమశిలకు రా. కొల్లాపూర్ దాటితే కృష్ణమ్మ, అవతల నల్లమల. నీళ్ళు కావాలంటే నీళ్ళు, గుట్ట కావాలంటే గుట్ట. కుక్క జాతి ఎవరూ అడగరు. అడిగేటోడే ఉండడు అక్కడ.

గడియారం_సెంటర్
తమ్ముడూ, కృష్ణమ్మను చూడాలంటే మాకు నాగార్జునసాగర్ ఉంది. పాపకు అవతలి ఒడ్డు కనిపించని నీళ్ళు చూడాలట. అది నువ్వు ఇవ్వలేవు.

పాలమూరు_జొన్నరొట్టె
నీ ఇష్టం. ఉప్పునీళ్ళు తాగి వచ్చినంక చెప్పు.

హాలియా_రామచిలుక
వైజాగ్ వెళ్ళండి. ఋషికొండ బీచ్ ఎంత శుభ్రంగా ఉంటుందో! మేము రెండుసార్లు వెళ్ళాం.

మిల్లు_గేటు
@హాలియా_రామచిలుక అక్కా, ఆ శుభ్రతే ఇక్కడ చిక్కు. ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఉన్న బీచ్‌లోకి కుక్కల్ని ఇష్టమొచ్చినట్టు రానివ్వకూడదు, గట్టి కట్టుబాటు ఉంటుంది. పైగా నల్గొండ నుంచి వైజాగ్ అంటే వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. రెండు రోజుల సెలవులో సముద్రాన్ని కారు అద్దంలోంచి చూసి రావాలి.

మాది మిర్యాలగూడ. నన్నడిగితే సూర్యలంక. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా గుంటూరు వైపు, అక్కడి నుంచి బాపట్ల. బాపట్ల నుంచి బీచ్ పది కిలోమీటర్లు కూడా ఉండదు. పొద్దున చీకటితో బయలుదేరితే టిఫిన్ టైముకు కాస్త అటూ ఇటూగా ఇసుక మీద ఉంటారు.

కోదాడ_బైపాస్
సూర్యలంక ఆదివారం చూశారా ఎప్పుడైనా? కార్తీక మాసంలో మా వాళ్ళతో వెళ్ళా. మనిషి మీద మనిషి. పార్కింగ్ దొరికేసరికి కుక్కే "ఇంటికి పోదాం" అంటుంది. అలలు కూడా కాళ్ళ కింద ఇసుకను లాగేస్తాయి, పిల్లలతో వెళ్ళేవాళ్ళు జాగ్రత్త.

మిల్లు_గేటు
కార్తీకంలో ఏ బీచ్ ఖాళీగా ఉంటుంది చెప్పు? ఆయన వెళ్ళేది ఫిబ్రవరిలో.

లెక్కల_మాస్టారు
నేను నచ్చని మాట చెబుతాను, తిట్టుకోండి. ఈ ప్రయాణం కుక్క కోసమా, మీ కోసమా? కుక్కకు సముద్రం అక్కర్లేదు. దానికి కావాల్సింది తన గోనె సంచి, తన మూల, తన వేళకు అన్నం. అయిదారు గంటలు కారులో ఊపి, తెలియని వాసనల మధ్య, తెలియని కుక్కల మధ్య వదిలి "వెకేషన్" అంటే అది శిక్ష. మా ఇంట్లో రెండు ఉన్నాయి. మేము వెళ్ళేటప్పుడు మా తమ్ముడు మా ఇంటికే వచ్చి పడుకుంటాడు. కుక్క ఇల్లు మారదు, అన్నం మానదు.

గడియారం_సెంటర్
మాస్టారూ, మీ మాటలో నిజం ఉంది. కానీ నాకు తమ్ముడు లేడు. ఉన్న బామ్మర్దికి కుక్కలంటే భయం.

దేవరకొండ_గుట్ట
@లెక్కల_మాస్టారు మీ కుక్కలను అడిగి చెప్పారా సార్? మా దాన్ని స్కూటీ చూపిస్తే చాలు, ముందు అదే ఎక్కి కూర్చుంటుంది. అన్నీ ఒక్కలాగే ఉంటాయా?

లెక్కల_మాస్టారు
స్కూటీ మీద కిరాణా కొట్టు దాకా వెళ్ళడం వేరు, బంగాళాఖాతం దాకా వెళ్ళడం వేరు.

బందరు_కోడలు
పుట్టింది హుజూర్‌నగర్, మెట్టింది బందరు. పదిహేనేళ్ళయింది వచ్చి. ఎవరైనా మా ఊరి పేరు ఎత్తుతారేమోనని చూస్తున్నా, ఒక్కరూ ఎత్తలేదు, కాబట్టి నేనే.

ప్రశాంతంగా ఊరికే కూర్చోవాలంటే మచిలీపట్నం రండి. ముందే చెప్తున్నా, నీలం రంగు నీళ్ళు, బంగారం లాంటి ఇసుక ఊహించుకుని రాకండి. మా బీచ్ మంగినపూడి, అక్కడ నేల నల్లగా, బురదగా ఉంటుంది. నీళ్ళు కూడా ఆ రంగే. సినిమా వాళ్ళు పాటలు తీసే బీచ్ కాదు. కానీ లోతు తక్కువ, చాలా దూరం లోపలికి వెళ్ళినా మోకాళ్ళ దాకానే ఉంటుంది. అలాగని పాపను ఒంటరిగా వదలొద్దు, సముద్రం సముద్రమే. మామూలు రోజుల్లో పొద్దున పూట వేటకు వెళ్ళొచ్చే జాలర్లు, వలలు, మీలాంటి నలుగురు, అంతే. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ మాత్రం సముద్ర స్నానాలకు ఇసకేస్తే రాలనంత జనం. ఫిబ్రవరి అంటున్నారు కాబట్టి మాఘ పౌర్ణమి ఎప్పుడు పడిందో క్యాలెండర్ చూసుకుని రండి.

ఇంకో సంగతి, బీచ్ ఊళ్ళో ఉండదు. ఊరి నుంచి పది పదకొండు కిలోమీటర్లు. పోర్టు పనుల లారీలు తిరుగుతుంటాయి, ఆ రోడ్డు మీద మెల్లగా రావాలి.

బస సంగతి నాకు వదిలేయండి. మా వీధి చివర ఒక ఆంటీ పై పోర్షన్ రోజుల లెక్కన ఇస్తారు. అడిగి చెబుతా. జాతి అడిగితే నేను మాట్లాడతా.

చిట్యాల_చిన్నోడు
అక్కా, లడ్డూ సంగతి చెప్పలేదు.

బందరు_కోడలు
చెప్పాలా? 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది మా బందరు లడ్డూకు. ఇంకేం కావాలి.

మిల్లు_గేటు
బురద బీచ్‌కు 260 కిలోమీటర్లు వెళ్తారా? నాకైతే అర్థం కాలేదు.

పాలమూరు_జొన్నరొట్టె
బురద కావాలంటే మా ఊరి చెరువుంది. టోల్ కూడా ఉండదు.

పాత_పటాలు
బందరు అంటే బురద ఒక్కటే కాదు బాబూ. 1600ల మొదట్లోనే డచ్చి వాళ్ళు అక్కడ దిగారు, 1611లో ఇంగ్లీషు వాళ్ళు వచ్చారు. మన గోల్కొండ సరుకంతా ఆ రేవు నుంచే ఓడలెక్కేది. డచ్చి వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాతి పలకల మీద పేర్లు, బొమ్మలు చూడదగినవి. హైదరాబాద్ నుంచి సూర్యాపేట మీదుగా మీరు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి చివర ఊరు కూడా అదే. పుణెలో మొదలై బందరులో ఆగిపోతుంది. ఆ రోడ్డు పట్టుకుని జీవితమంతా హైదరాబాద్ వైపే తిరిగాం కానీ రెండో కొస ఎలా ఉంటుందో చూసినవాళ్ళు మనలో ఎంతమంది?

వెళ్ళే కాలం మాత్రం చూసుకోవాలి. 1864 తుపానుకు ఆ ఒక్క ఊళ్ళోనే ముప్పై వేల మంది పోయారంటారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన మా తరం వాళ్ళకు ఇంకా గుర్తు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ హెచ్చరిక చూడకుండా ఆ వైపు కదలకూడదు. ఫిబ్రవరి అయితే దిగులు లేదు.

గడియారం_సెంటర్
"ఆ రోడ్డు రెండో కొస" అన్న మాట మా ఆవిడకు చదివి వినిపించా. బందరే అంది. @బందరు_కోడలు అక్కా, ఆంటీ గారిని అడగండి.

సూర్యాపేట_సత్తి
కారెందుకు, రైల్లో వెళ్ళొచ్చుగా? నల్గొండలో నారాయణాద్రి ఆగుతుంది.

పట్టాల_పక్కన
@సూర్యాపేట_సత్తి నారాయణాద్రి బందరు వెళ్ళదు, గుంటూరు మీదుగా తిరుపతి పోతుంది. అది అలా ఉంచు. రైల్లో కుక్క అంటే అంత తేలిక కాదు. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే కానీ, నాలుగు బెర్తుల కేబిన్ కానీ మొత్తం మన పేరునే ఉండాలి. అప్పుడే మనతో కూర్చోనిస్తారు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్‌కార్... ఎక్కడా కుదరదు. లేదంటే గార్డు ఉండే పెట్టెలో డాగ్ బాక్స్. పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి, టీకా కాగితాలు చూపాలి, గంటల ముందు వెళ్ళాలి.

మా చిన్నాన్న ఒకసారి డాగ్ బాక్స్‌లో వేశాడు. ఆగిన ప్రతి స్టేషన్లో నీళ్ళ సీసా పట్టుకుని వెనక్కి పరుగు, మళ్ళీ ముందుకు పరుగు. కుక్క బాగానే ఉంది. చిన్నాన్నకే వడదెబ్బ తగిలింది.

పశువుల_దవాఖాన
రిటైరైన పశువైద్యుణ్ణి, జడ్చర్ల. మాస్టారు అడిగిన ప్రశ్న మంచిదే, కానీ ఆరేళ్ళ ఆరోగ్యమైన కుక్కకు అయిదారు గంటల ప్రయాణం శిక్షేమీ కాదు. ముందు చిన్న చిన్న ప్రయాణాలు అలవాటు చేయండి. నల్గొండ నుంచి పానగల్లు దాకా, తర్వాత నార్కట్‌పల్లి దాకా.

బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపేయండి. నీళ్ళు ఆపొద్దు. రెండు గంటలకోసారి దించి నడిపించండి. కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ దుమ్ము, పురుగులు కళ్ళలో పడితే నా దగ్గరికే వస్తారు. ముందు సీట్లో వద్దు, వెనక సీటుకు బెల్టుతో కట్టండి. టీకి ఆగినప్పుడు కారులో వదిలి అద్దాలు మూసి వెళ్ళడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఫిబ్రవరి ఎండే కదా అనుకోకండి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూ నాలుకతోనే వేడి దించుకోవాలి. మూసిన కారులో వేడి గాలే పీలుస్తుంటే ఆ రొప్పు ఏం పనికొస్తుంది? దాని మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటిందంటే తొందర పడాలి. నీడకు తెచ్చి పొట్ట మీద, తొడల మధ్య, పాదాలకు మామూలు నీళ్ళు పోసి గాలి తగిలేలా చేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇక సముద్రం. ఉప్పునీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు. మరీ ఎక్కువ తాగితే ప్రాణం మీదికి వస్తుంది. పాలమూరు తమ్ముడు వేళాకోళంగా అన్నది నిజమే. ఇంటి నుంచి నీళ్ళు, గిన్నె పట్టుకెళ్ళండి, అడగకముందే తాగించండి. ఒడ్డున పడి ఉన్న చచ్చిన చేపల్ని నోట పెట్టనివ్వకండి. ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేప ఒకటి ఉంటుంది, దాని విషానికి విరుగుడు మందు లేదు. జెల్లీఫిష్ చచ్చి ఎండినా కుడుతుంది. ఇసుక మీద మీ చెయ్యి వెనక్కి తిప్పి అయిదారు సెకన్లు పెట్టి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. బయటికి రాగానే మంచినీళ్ళతో కడిగి చెవులు పొడిగా తుడవండి.

రేబిస్ టీకా ఈ ఏడాదిది ఉందా చూసుకోండి, కార్డు వెంట ఉంచుకోండి. పిడుదుల మందు వారం ముందే వేయండి. ఎండుద్రాక్ష ఉన్న లడ్డూ పెట్టారో, జాగ్రత్త. కుక్కల కిడ్నీలకు ఎండుద్రాక్ష విషం.

చిట్యాల_చిన్నోడు
డాక్టరు గారూ, మా మేనమామకు కూడా అదే చెప్పారు. లడ్డూ వద్దని.

దేవరకొండ_గుట్ట
ఇంత వివరంగా మా ఫ్యామిలీ డాక్టరు నాకు కూడా చెప్పలేదు.

కోదాడ_బైపాస్
బీచ్‌లో బెల్టు తీసేయొచ్చా? కుక్కకు కాస్త పరుగు ఉండాలి కదా. కట్టేసి తిప్పడానికి అంత దూరం ఎందుకు?

మిల్లు_గేటు
తీసేయండి. ఖాళీ బీచ్‌లో ఎవరికి నష్టం?

పాత_పటాలు
తాబేళ్ళకు. జనవరి నుంచి మార్చి దాకా మన తూర్పు తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. కృష్ణా, బాపట్ల తీరాల్లోనూ పెడతాయి. కుక్కలు వాసన పట్టి తవ్వి తినేస్తాయి. అటవీ శాఖ వాళ్ళు ఆ గుడ్లను ఏరి కంచె వేసిన చోట పొదిగిస్తుంటారు. 1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. మీరు వెళ్ళేది సరిగ్గా ఆ నెలల్లోనే.

మిల్లు_గేటు
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. తాబేలు సంగతి నాకు తెలియదు.

బందరు_కోడలు
తాబేళ్ళు సరే, అక్కడి కుక్కల మాటేంటి? వల లాగే చోట పది పదిహేను ఉంటాయి. అది వాటి పేట. కొత్త కుక్క వదిలేసినట్టు కనపడితే ఊరుకోవు. పొడుగు తాడు తెండి. మీరు ఒక కొస, రాజు ఒక కొస.

అన్నట్టు ఆంటీ ఒప్పుకున్నారు. రోజుకు తొమ్మిది వందలు. ఒకటే షరతు, వంటగదిలోకి కుక్క రాకూడదు. జాతి అడగలేదు. "కరుస్తుందా?" అని మాత్రం అడిగారు. నంబరు మీకు మెసేజ్ పెట్టా.

గడియారం_సెంటర్
కరవడా? మా వాడు బల్లిని చూసినా నా వెనక దాక్కుంటాడు. చాలా థ్యాంక్స్ అక్కా. నకిరేకల్ మీదుగా వెళ్ళాలా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్ళాలా?

కోదాడ_బైపాస్
నకిరేకల్, సూర్యాపేట. పెద్ద రోడ్డు, కుదుపు ఉండదు. టోల్ కట్టినా కుక్క కడుపు నిమ్మళంగా ఉంటుంది.

మిల్లు_గేటు
హుజూర్‌నగర్ దారిలో చెట్లు, పొలాలు. కుక్కను దించడానికి చోటు ఉంటుంది. హైవే మీద ఎక్కడ దించుతావు? లారీల మధ్యనా?

కోదాడ_బైపాస్
మిర్యాలగూడ వాళ్ళకు అన్ని దారులూ మిర్యాలగూడ మీదుగానే.

బందరు_కోడలు
ఏ దారైనా సరే, విజయవాడ మాత్రం పొద్దున ఎనిమిది లోపు దాటేయండి. బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుంటే రాజు కాదు, మీరే మొరుగుతారు.

లెక్కల_మాస్టారు
వెళ్ళొచ్చాక నిజం రాయండి. బాగుందని అబద్ధం రాయొద్దు.

గడియారం_సెంటర్
వెళ్ళొచ్చాం. నిన్న రాత్రి పదింటికి దిగాం. మాస్టారు అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు.

శనివారం తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరాం. నకిరేకల్ దారే పట్టాం, మిల్లు అన్న క్షమించాలి. డాక్టరు గారు చెప్పినట్టు రాత్రి నుంచే తిండి ఆపా. కానీ మా పాప దారిలో బిస్కెట్ ముక్క పెట్టింది, నాకు తెలియదు. మునగాల దాటాక మొత్తం సీటు మీద కక్కేశాడు. రోడ్డు పక్కన ఆపి, సీటు కడిగి, పాపను తిట్టి, పాప ఏడ్చి, మా ఆవిడ నన్ను తిట్టి... మళ్ళీ బయలుదేరేసరికి అరగంట. విజయవాడ ఎనిమిదికి దాటలేదు. బెంజ్ సర్కిల్లో ఎవరు మొరిగారో చెప్పను.

పదిన్నరకు బందరు. ఆంటీ గేటు దగ్గరే నిలబడ్డారు. రాజును కిందికీ పైకీ చూసి "ఇది మామూలు కుక్కే కదా" అన్నారు. అయిపోయింది అనుకున్నా. "నేను ఏదో పెద్ద జూలు కుక్క అనుకుని భయపడ్డాను, రండి రండి" అన్నారు. మొదటిసారి ఊరకుక్క కావడం కలిసొచ్చింది మా వాడికి.

సాయంత్రం అయిదుకు మంగినపూడి. పాప సముద్రాన్ని చూసి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. మా రాజుగాడు మాత్రం మొదటి అల రాగానే నాలుగు కాళ్ళూ బిగబట్టి, దాన్ని చూసి మొరగడం మొదలుపెట్టాడు. అల వెనక్కి వెళ్ళింది. తనే తరిమేశాననుకున్నాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మొరిగాడు. ఇరవై నిమిషాలు ఇదే పని. తర్వాత అలిసిపోయి సముద్రానికి వీపు పెట్టి కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉన్నాడు. సముద్రం అక్కర్లేదు అన్న మాటలో మాస్టారికి పూర్తి మార్కులు.

కానీ బురద! బురదను చూసి వాడికి పిచ్చెక్కింది. పొర్లి, లేచి, మళ్ళీ పొర్లి, ముక్కు కొస తప్ప అంతా నలుపు. ఎర్ర కుక్కను తీసుకెళ్ళి నల్ల కుక్కను తెచ్చానన్నారు ఆంటీ. పెరట్లో గొట్టం పెట్టి మూడుసార్లు కడిగాం.

ఒక పెద్దాయన, బయటి ఊరివాళ్ళే, "వీధి కుక్కకు బెల్టు ఎందుకండీ?" అన్నాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే మా పాప "అందరి ఇళ్ళూ వీధిలోనే ఉంటాయి కదా అంకుల్" అంది. ఆయన నవ్వేశాడు. నాకు ఆ లాడ్జి వాడికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాలనిపించింది.

ఆదివారం పొద్దున అయిదున్నరకే లేపేశాడు రాజు, ఇంట్లో లేపినట్టే. మళ్ళీ బీచ్‌కు వెళ్ళాం. చీకటి విడలేదు. వల లాగుతున్నారు. అక్క చెప్పిన కుక్కల దండు వచ్చేసింది, ఎనిమిదో తొమ్మిదో. నేను తాడు దగ్గరికి లాక్కుని నిలబడ్డా, కాళ్ళు వణికాయి, అబద్ధం ఎందుకు. ఒక జాలరి కుర్రాడు నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు. అన్నీ అటు తిరిగి వెళ్ళిపోయాయి. "మీది కూడా మా వాటిలాగే ఉంది అన్నా, అందుకే వచ్చాయి పలకరించడానికి" అన్నాడు. పలకరింపో ఏమో కానీ నాకు చెమటలు పట్టాయి.

చిట్యాల_చిన్నోడు
బల్లికి భయపడేవాడు ఎనిమిది కుక్కల ముందు ఏం చేశాడు?

గడియారం_సెంటర్
నా వెనక దాక్కున్నాడు. నాకు వెనక ఎవరూ లేరు.

పాత_పటాలు
సమాధులు చూశారా?

గడియారం_సెంటర్
ఆవిడా పాపా లోపలికి వెళ్ళొచ్చారు. కుక్కతో లోపలికి వెళ్ళడం బాగుండదని నేను, రాజు బయట చెట్టు కింద. పాప వచ్చి "ఇంత దూరం వచ్చి చచ్చిపోయారా నాన్నా వాళ్ళు?" అంది. తర్వాత ఆవిడ చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గాజులు కొంది, నాలుగు జతలు. పెడన కూడా వెళ్దాం, కలంకారీ చూద్దాం అంది కానీ ఎండ ఎక్కుతోంది, రాజు రొప్పుతున్నాడు, మానేశాం. నిజానికి ఆ మానేయడమే బాగుంది. కుక్క లేకపోతే మేము ఆ రెండు రోజుల్లో గుళ్ళు, కోట, దత్తాశ్రమం పన్నెండు బావులు అన్నీ తిరిగి ఒళ్ళు హూనం చేసుకుని వచ్చేవాళ్ళం. వాడి పుణ్యాన మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆంటీ వాళ్ళ పై వరండాలో చాప వేసుకుని నలుగురం పడుకున్నాం. నేను మధ్యాహ్నం పూట నిద్రపోయి ఎన్నేళ్ళయిందో.

అన్నం రెండు పూటలా తిన్నాడు. ఆంటీ పెట్టిన పెరుగన్నం. పక్కింటి పెద్దమ్మకు ఫోటో పంపా.

లెక్కల_మాస్టారు
అన్నం తిన్నాడంటే నేను ఓడిపోయినట్టే. కానీ సముద్రం మాత్రం అక్కర్లేదన్నది నిలబడింది.

పశువుల_దవాఖాన
చెవులు చూస్తూ ఉండండి ఓ వారం. తల విదిలిస్తున్నా, కాలితో గోకుతున్నా చూపించండి. బిస్కెట్ పాపకు నా తరఫున ఒక మొట్టికాయ.

మిల్లు_గేటు
హుజూర్‌నగర్ దారిలో వెళ్ళి ఉంటే కక్కేవాడు కాదు.

కోదాడ_బైపాస్
బిస్కెట్ కారణం అని ఆయనే రాశాడు కదయ్యా!

పాలమూరు_జొన్నరొట్టె
బురదలోనే పొర్లాడు అంటున్నావు. మా చెరువు గురించి నేను ముందే చెప్పిన.

హాలియా_రామచిలుక
ఆ ఆంటీ గారు పిల్లుల్ని రానిస్తారా? మాకు రెండున్నాయి.

బందరు_కోడలు
బందరులో పిల్లిని చేపల వాసన మధ్య వదిలితే మళ్ళీ హాలియా రాదు, ఆలోచించుకోండి. అడిగి చెబుతా. గడియారం గారూ, ఆంటీ ఫోన్ చేసి రాజు మళ్ళీ ఎప్పుడు వస్తాడని అడిగారు. మీ గురించి ఏమీ అడగలేదు.

సూర్యాపేట_సత్తి
ఇంతకీ ఆ రెండో లాడ్జి వాడు అడ్వాన్స్ వాపస్ ఇచ్చాడా?

గడియారం_సెంటర్
అయిదు వందలు వేశాడు. మిగతా అయిదు వందలు పార్కింగ్ బుక్ చేసినందుకట.

దేవరకొండ_గుట్ట
వసూలుకు రాజుగాణ్ణి పంపు అన్నా.

గడియారం_సెంటర్
వాడు వెళ్తే ఆ లాడ్జి వాడి వెనకే దాక్కుంటాడు.